స్టీమ్‌లో ఇప్పుడు 85 మందే ఆడుతున్నారంటే ఆ గేమ్ పోయినట్టేనా?

కోరమంగళ_కీబోర్డ్:

అందరికీ నమస్కారం. బెంగళూరులో నలుగురం కలిసి పీసీకి ఒక గేమ్ చేస్తున్నాం. కథ మీద నడిచే సింగిల్ ప్లేయర్ ఆట, ఎనిమిది తొమ్మిది గంటల్లో అయిపోతుంది. పెట్టుబడి పెడతానన్న పెద్దాయన మా ఆటకు దగ్గరగా ఉన్న ఒక గేమ్ పేజీని స్టీమ్‌డీబీలో (స్టీమ్ అనే పీసీ గేమ్‌ల ఆన్‌లైన్ దుకాణంలో ఏ ఆటను ఎంతమంది ఆడుతున్నారో చూపించే సైట్) చూపించి, "రెండు వేల మంది ఉన్నచోట ఇప్పుడు ఎనభై మందే ఉన్నారు, ఈ రకం ఆటలకు గిరాకీ లేదు" అంటున్నారు. ఆ గేమ్ పేరు ఇక్కడ ఎందుకులెండి. లెక్కకు వీలుగా అంకెలు గుండ్రంగా వేసి పెడుతున్నా.

విడుదలై 14 నెలలు. ఆల్‌టైమ్ పీక్ (ఒకేసారి ఆడినవాళ్ల అత్యధిక సంఖ్య) 2,100, అది మొదటి ఆదివారం వచ్చింది. ఇప్పుడు 24 గంటల పీక్ 85. రివ్యూలు 3,000, అందులో 91 శాతం పాజిటివ్. అమెరికా ధర 15 డాలర్లు.

నా సందేహాలు రెండు. దీన్ని ఫెయిల్ అనొచ్చా? ఆ ఒక్క అంకె చూసి అనలేమంటే ఇంకేం చూడాలి? రెండోది: మా దగ్గర 5 వర్సెస్ 5 ఆన్‌లైన్ గేమ్ ఆలోచన కూడా ఒకటుంది. అలాంటిది బతకాలంటే ఎంతమంది ఉండాలి? వివరంగా చెప్పగలిగినవాళ్లు చెప్పండి, ఆయనకు చూపించాలి.

గ్రాఫు_గోపి:

ముందు ఆ 85 ఏమిటో తేల్చుకుందాం. అది మనుషుల లెక్క కాదండీ. ఒకే క్షణంలో ఎంతమంది స్టీమ్‌లో ఆ గేమ్ తెరిచి ఉంచారో అది. పొద్దున ఆడి ఆఫీసుకెళ్లినవాళ్లు, రాత్రి పదింటికి కూర్చునేవాళ్లు ఆ క్షణంలో కనబడరు.

మనుషుల్లోకి మార్చాలంటే పీక్ పనికిరాదు, రోజు మొత్తం మీద సగటు కావాలి. పీక్ 85 ఉన్నచోట సగటు 50 అనుకుందాం. 50ని 24తో గుణిస్తే 1,200. అంటే ఆ రోజు ప్రపంచమంతా కలిపి ఆ గేమ్‌లో గడిపిన గంటలు 1,200. ఒక్కొక్కరు రోజుకు గంటన్నర ఆడతారనుకుంటే 800 మంది. ఏడాది దాటిన చిన్న కథల గేమ్‌ను రోజూ 800 మంది తెరుస్తున్నారన్నమాట. 85 అని చూసినప్పుడు ఇది తట్టదు.

ఇక్కడితో ఆగకండి. అదే 1,200 గంటలను, ఒక మనిషి ఆట మొదలుపెట్టి వదిలేసేదాకా ఆడే మొత్తం గంటల సగటుతో భాగించండి. తొమ్మిది గంటల కథే అయినా మధ్యలో మానేసేవాళ్లు బోలెడుమంది, కాబట్టి సగటు 6 వేసుకుందాం. 200 వస్తుంది. అంటే రోజుకు ఇంచుమించు 200 మంది కొత్తగా మొదలుపెడుతున్నారు. వాళ్లంతా ఆ రోజే కొన్నవాళ్లు కారు. సేల్‌లో కొని లైబ్రరీలో ఉంచుకున్నవాళ్లు, ఫ్యామిలీ షేరింగ్‌లో ఆడేవాళ్లు, రెండోసారి ఆడేవాళ్లు కూడా ఉంటారు. గేమ్ తెరిచిపెట్టి భోజనానికి వెళ్లిన గంటలూ ఇందులోనే కలిసిపోతాయి. అందుకని 200ని పైహద్దు అనుకోండి.

ఇప్పుడు అదే 85 ఒక ఎంఎంఓ (వేలమంది ఒకే ఆన్‌లైన్ లోకంలో కలిసి ఆడే ఆట) పేజీలో ఉందనుకుందాం. అక్కడ ఒక్కొక్కరూ వందల గంటలు ఆడతారు. 1,200ని 300తో భాగిస్తే రోజుకు నలుగురు. ఒక ఆటకు 200 మంది వస్తున్నారు, ఇంకోదానికి నలుగురే వస్తున్నారు, పేజీ మీద మాత్రం రెండింటికీ 85 అనే ఉంటుంది. మీ పెద్దాయనకు ముందుగా చూపించాల్సింది ఈ లెక్కే.

రెండు వేల నుంచి ఎనభైకి ఎందుకొచ్చిందంటారా, కథకు ముగింపు ఉంది కాబట్టి. ముగింపు చూసినవాళ్లు వెళ్లిపోతారు, వెళ్లాలి కూడా. విందయ్యాక బంతి ఖాళీ అయిందని వంట బాగాలేదని ఎవరూ అనరు కదా. చూడాల్సింది పతనం ఎంతని కాదు, పడ్డాక ఎక్కడ నిలబడిందని. మూడో నెల నుంచి పద్నాలుగో నెల దాకా వారపు సగటు 50 దగ్గరే నిలకడగా ఉండి, సేల్ వచ్చినప్పుడల్లా 200 దాకా లేచి మళ్లీ దిగుతుంటే ఆ గేమ్ ఆరోగ్యంగా ఉన్నట్టు. మూడో నెలకే ఐదుకు పడి, 40 శాతం తగ్గింపు ఇచ్చినా కదలకపోతే అది వేరే సంగతి.

పీక్ మొదటివారమే రావాలన్న నియమం కూడా లేదు. స్టార్‌డ్యూ వ్యాలీ 2016 ఫిబ్రవరిలో వచ్చింది. స్టీమ్‌లో దాని అత్యధిక సంఖ్య 2,36,614 వచ్చింది మాత్రం 2024 మార్చిలో, 1.6 అప్‌డేట్ విడుదలైనప్పుడు. అమాంగ్ అస్ 2018లో వచ్చి 2020 సెప్టెంబరులో 4,47,476 దాకా వెళ్లింది. ఆ గేమ్‌లను 14వ నెలలో చూసి తీర్పు చెప్పినవాళ్లు ఏమనుకుని ఉంటారో ఆలోచించండి.

వేళచ్చేరి_వాసు:

గోపిగారు కథల ఆట గురించి చెప్పిందంతా సరైనదే. 5 వర్సెస్ 5 దగ్గరికొస్తే మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుంది. అక్కడ మీరు అమ్మే సరుకులో పక్క ఆటగాళ్లు కూడా ఒక భాగం. వాళ్లు లేకపోతే డబ్బులిచ్చి కొన్నవాళ్లకు ఆటే లేదు.

లెక్క చూపిస్తాను. ప్రపంచం మొత్తం మీద 600 మంది ఉన్నారనుకోండి, అందులో మన ప్రాంతం సర్వర్ మీద 60 మంది. ఒక మ్యాచ్ 25 నిమిషాలు, మెనూలో గడిపేది, క్యూలో ఆగేది కలిపి ఇంకో 5 నిమిషాలు. అంటే ఒక్కొక్కరు 30 నిమిషాలకోసారి క్యూలోకి వస్తారు. 60ని 30తో భాగిస్తే నిమిషానికి ఇద్దరు. పదిమంది కూడడానికి 5 నిమిషాలు. ఇంతవరకు ఫరవాలేదు.

ఇప్పుడు ర్యాంక్‌డ్ (ర్యాంకు కోసం ఆడేది), క్యాజువల్ (సరదాకి ఆడేది) అని రెండు మోడ్‌లు పెట్టండి. ఒక్కోదానికి 10 నిమిషాలు. నైపుణ్యం ప్రకారం మూడు వర్గాలుగా విడగొట్టండి. 30 నిమిషాలు. ఐదు నిమిషాలు దాటితే చాలామంది క్యూ వదిలేసి వేరే గేమ్ తెరుస్తారు. వాళ్లు వెళ్తే మిగిలినవాళ్లకు ఇంకా ఆలస్యం, దాంతో వాళ్లూ వెళ్తారు. ఈ జారుడు మొదలయ్యాక ఆపడం చాలా కష్టం. గేమ్ బాగున్నా ఆగదు.

తిరగేసి చూద్దాం. రెండు మోడ్‌లు, మూడు వర్గాలు అంటే ఆరు గుంపులు. ప్రతి గుంపులో రెండు నిమిషాల్లో పదిమంది కూడాలంటే గుంపుకు నిమిషానికి 5, మొత్తం 30 మంది రావాలి. 30 నిమిషాల చక్రంతో గుణిస్తే 900. అది కూడా ఒక్క ప్రాంతంలో, జనం పలచగా ఉండే వేళలో. పలచటి వేళలో పీక్‌లో మూడోవంతు ఉంటారనుకుంటే ఆ ప్రాంతపు పీక్ 2,700 ఉండాలి. ఇంకా ఎన్ని ప్రాంతాల్లో సర్వర్లు తెరుస్తారో దాన్నిబట్టి గుణించుకోండి.

తగ్గించుకునే మార్గాలు ఉన్నాయి. మొదటి ఆరు నెలలు ఒకే మోడ్. వర్గాలు గట్టిగా విడదీయకుండా, క్యూలో 60 సెకన్లు దాటిన కొద్దీ హద్దు సడలించడం. కొత్తవాళ్ల తొలి మ్యాచ్‌లకు బాట్‌లు (మనుషుల బదులు కంప్యూటర్ ఆడే ఆటగాళ్లు). 5 వర్సెస్ 5 బదులు 3 వర్సెస్ 3 చేస్తే పదిమంది స్థానంలో ఆరుగురు చాలు. సర్వర్ల విషయంలో మనకో వెసులుబాటు ఉంది: చెన్నై నుంచి సింగపూర్‌కు నేరుగా సముద్రపు కేబుళ్లున్నాయి. చెన్నై, బెంగళూరు ఆటగాళ్లను సింగపూర్ గుంపులో కలిపినా పింగ్ (సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) చాలా ఆటలకు భరించగలిగేంతే ఉంటుంది. ఢిల్లీవాళ్లకు అలా కుదరదు. కాబట్టి ముంబైలో విడిగా చిన్న గుంపు కట్టేముందు రెండూ కొలిచి చూడండి.

ఇది తప్పితే ఏమవుతుందో చూడాలంటే కాంకార్డ్ ఉంది. అదీ 5 వర్సెస్ 5 షూటరే, 40 డాలర్లు. 2024 ఆగస్టు 23న విడుదలైంది. స్టీమ్‌లో అత్యధికం 697. ప్లేస్టేషన్ వాళ్లు ఆ లెక్కలో లేరు, నిజమే. అయినా సెప్టెంబరు 6న ఆట ఆపేసి డబ్బు వాపసు ఇచ్చారు, అక్టోబరులో స్టూడియో మూతపడింది. మీలాంటి నలుగురి జట్టు చేసిన కథల గేమ్‌కు 697 పీక్ వస్తే రెండో గేమ్ మొదలుపెట్టుకోవచ్చు. ఏళ్ల తరబడి పెద్ద జట్టు పనిచేసిన ఆన్‌లైన్ షూటర్‌కు అదే అంకెతో రెండు వారాలు దాటడం కష్టమైంది.

ఇంకొకటి, గ్రాఫ్‌లో గంటల వారీ ఆకారం చూడటం అలవాటు చేసుకోండి. ఆటగాళ్లు ఏ దేశంలో ఉన్నారో స్టీమ్ చెప్పదు కానీ గడియారం చెబుతుంది. రోజూ మన సాయంత్రం ఐదున్నర ఏడున్నర మధ్య శిఖరం వస్తుంటే అది చైనాలో రాత్రి ఎనిమిది నుంచి పది. బ్లాక్ మిత్: వుకాంగ్ 2024 ఆగస్టులో 24,15,714కు చేరినప్పుడు అందులో చైనా ఆటగాళ్లే అత్యధికం. మన తెల్లవారుజామున ఐదున్నర చుట్టూ శిఖరం ఉంటే అమెరికా తూర్పు తీరం. గ్రాఫ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే ఐదున్నర గంటలు కలుపుకోవడం మరిచిపోవద్దు. మన బుధవారం తెల్లవారుజామున అన్ని గేమ్‌లూ ఒక్కసారి కిందికి పడినట్టు కనిపిస్తే అది స్టీమ్ వారపు మరమ్మతు. దాన్ని గేమ్‌కు అంటగట్టకండి.

పద్మజ_బీటీఎం:

ఇంతసేపూ ఎవరూ ఖర్చు మాట ఎత్తలేదు. ప్లేయర్ కౌంట్‌లో ఉండనిది అది, గెలుపోటములు తేల్చేదీ అదే.

ముందు అమ్మకాలు. రివ్యూల సంఖ్యను 30 నుంచి 50తో గుణించడం ఇండీ (చిన్న, స్వతంత్ర) డెవలపర్లందరూ చేసే పని. 3,000 రివ్యూలంటే 90,000 నుంచి 1,50,000 కాపీలు. మధ్యలో లక్ష పెట్టుకుందాం. 15 డాలర్ల గేమ్‌కు అన్ని దేశాల ధరలు, సేల్ తగ్గింపులు కలిపితే కాపీకి సగటున 7.5 డాలర్లు వస్తే మంచిదే. అంటే 7.5 లక్షల డాలర్లు. రీఫండ్‌లు, పన్నులు పోను 6.2 లక్షలు. స్టీమ్ వాటా 30 శాతం తీస్తే 4.3 లక్షలు చేతికి. ఆ వాటా 25 శాతానికి తగ్గేది అమ్మకాలు కోటి డాలర్లు దాటాక, 20 శాతం అయ్యేది 5 కోట్లు దాటాక. మన లెక్కలో అవి రావు.

ఇప్పుడు ఖర్చు. బెంగళూరులో నలుగురు, జీతాలు, అద్దె, లైసెన్సులు కలిపి నెలకు 4 లక్షల రూపాయలనుకుంటే రెండేళ్లకు 96 లక్షలు. డాలర్ 85 రూపాయలుగా చూస్తే 1.13 లక్షల డాలర్లు. చేతికొచ్చింది 4.3 లక్షలు. పబ్లిషర్ సగం తీసుకున్నా పెట్టుబడి వెనక్కొచ్చి, రెండో గేమ్‌కు కూడా మిగులుతుంది. ఇదే గేమ్‌ను ఖరీదైన ఊళ్లో నలభై మంది చేసి ఉంటే నిండా మునిగినట్టే. రెండింటి గ్రాఫూ అచ్చంగా ఒక్కలాగే ఉంటుంది, 2,100 నుంచి 85కు. కాబట్టి మీ పెద్దాయన అడగాల్సింది "ఎంతమంది ఆడుతున్నారు" అని కాదు, "ఆ గేమ్ చేయడానికి ఎంతయింది, నడపడానికి నెలకు ఎంతవుతోంది" అని.

ఈ రెండో సగం ముఖ్యం. కథల గేమ్ విడుదలయ్యాక నెలసరి ఖర్చు దాదాపు సున్నా. ఆన్‌లైన్ గేమ్‌కు సర్వర్లు, మోడరేషన్, చీటింగ్ అడ్డుకోవడం, కొత్త సీజన్లు నెలనెలా తింటూనే ఉంటాయి. న్యూ వరల్డ్ 2021లో విడుదలైన కొద్దిరోజులకే 9,13,634 మందితో మెరిసింది. నాలుగేళ్లకు, 2025 అక్టోబరులో, ఇక కొత్త కంటెంట్ రాదని ప్రకటించారు. తొమ్మిది లక్షల పీక్ చూసినవాళ్లెవరూ ఊహించి ఉండరు. కానీ అలాంటి ఆటకు ప్రారంభ సంఖ్య కంటే ఏడాది తర్వాత నిలిచిన సంఖ్య ఎక్కువ చెబుతుంది.

పీక్ దాచిపెట్టే ఇంకో సంగతి నాణ్యత. సైబర్‌పంక్ 2077 విడుదలైన రోజు, 2020 డిసెంబరు 10న, స్టీమ్‌లో 10,54,388. కథల ఆటకు అప్పట్లో అదొక రికార్డు. ఎనిమిది రోజులకు ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తీసేశారు, పాత కన్సోళ్ల మీద అంత అధ్వానంగా నడిచింది. 2021 జూన్ దాకా తిరిగి రాలేదు. తర్వాత ఏళ్ల తరబడి బాగుచేసి నిలబెట్టారు, అది వాళ్ల పట్టుదల. కానీ విడుదల రోజు గ్రాఫ్‌లో ఆ గొడవ జాడ కూడా లేదు.

టీనగర్_తేజ:

రివ్యూలను 30–50తో గుణించే పద్ధతి మీద ఇంత ధీమా వద్దు పద్మజగారూ. అది ఇటీవలి ఇండీ గేమ్‌లకు పనికొచ్చే అంచనా, అంతే. పాత గేమ్‌లకు గుణకం ఎక్కువ, ఎందుకంటే ఇప్పుడంత జోరుగా అప్పట్లో రివ్యూలు రాసేవాళ్లు కాదు. ఏదైనా గొడవ జరిగి జనం కోపంతో రివ్యూలు కుమ్మరిస్తే గుణకం పడిపోతుంది. ఫ్రీ గేమ్‌కు అసలు పనిచేయదు. 2015లో మొదలైన స్టీమ్‌స్పై అనే సైట్ ఆటగాళ్ల లైబ్రరీలు చూసి అంచనా కట్టేది. 2018 ఏప్రిల్‌లో స్టీమ్ యజమాని వాల్వ్ లైబ్రరీలను డిఫాల్ట్‌గా దాచేశాక ఆ దారి మూసుకుపోయింది, అప్పటినుంచే అందరూ రివ్యూల మీద పడ్డారు.

నేను చెప్పదలిచింది ప్రకటనల్లో వచ్చే "ప్లేయర్స్" మాట గురించి. సంఖ్య చూసేముందు దాని పక్కన ఏ మాట ఉందో చూడండి. ప్రీ రిజిస్ట్రేషన్, డౌన్‌లోడ్, రిజిస్టర్ అయినవాళ్లు, ప్లేయర్స్, అమ్ముడైన కాపీలు, దుకాణాలకు పంపిన కాపీలు, ఇవి ఆరూ ఆరు రకాలు. పాల్‌వరల్డ్ వాళ్లు 2024 ఫిబ్రవరిలో నెలలోనే 2.5 కోట్ల ప్లేయర్స్ అన్నారు, విడదీసి కూడా చెప్పారు: స్టీమ్‌లో 1.5 కోట్ల కాపీలు అమ్మకం, ఎక్స్‌బాక్స్‌లో కోటి మంది ఆటగాళ్లు. ఆ కోటిలో గేమ్‌పాస్ అనే నెలసరి చందాలో ఉందని ఒకసారి తెరిచి చూసినవాళ్లూ ఉంటారు. అదే గేమ్ స్టీమ్ పీక్ 21,01,867. కోటిన్నరను దాంతో భాగిస్తే 7 వస్తుంది. ఇది ఆ గేమ్‌కు, ఆ నెలకు వచ్చిన నిష్పత్తి. మీ గేమ్ పీక్‌ను ఏడుతో గుణించి అమ్మకాలు ఊహించుకోకండి. నెమ్మదిగా ఏడాది పొడుగునా అమ్ముడయ్యే ఆటకు ఈ నిష్పత్తి చాలా ఎక్కువ ఉంటుంది.

"ప్లేయర్స్" సంఖ్య ఎంత పెద్దదైనా ఒక్కోసారి స్టూడియోను కాపాడలేదు. హై-ఫై రష్‌కు 30 లక్షల ప్లేయర్స్ అని చెప్పారు, ఆటను మెచ్చుకోనివాళ్లు తక్కువ. 2024 మేలో ఆ స్టూడియోను మూసేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది, తర్వాత క్రాఫ్టన్ అనే గేమ్ కంపెనీ తీసుకుంది.

మొబైల్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త. ప్లే స్టోర్‌లో కనిపించే "1 కోటి+" అనేది ఇప్పటిదాకా జరిగిన డౌన్‌లోడ్‌ల మెట్టు. అది ఎప్పటికీ తగ్గదు, ఈరోజు ఒక్కరు ఆడకపోయినా అలాగే ఉంటుంది. బీజీఎంఐకి (పబ్‌జీ మొబైల్‌కు మన దేశపు రూపం) ఏడాదిలో 10 కోట్ల యూజర్లు అని 2022 జులైలో ప్రకటించారు, అది కూడా రిజిస్టర్ అయినవాళ్ల లెక్క. ఆ నెలాఖరులోనే ఆట స్టోర్ల నుంచి పోయి 2023 మేలో తిరిగొచ్చింది. లోపల చూసుకోవాల్సింది రిటెన్షన్. ఈరోజు ఇన్‌స్టాల్ చేసిన 100 మందిలో రేపు ఎంతమంది, ఏడో రోజు ఎంతమంది, ముప్పయ్యో రోజు ఎంతమంది అన్నది. పరిశ్రమలో పాతకాలం నుంచి 40, 20, 10 అని చెప్పుకుంటారు, చాలా ఆటలు అంత దూరం రావు. మొదటిరోజే 20 ఉంటే ట్యుటోరియల్‌లోనో లోడింగ్‌లోనో తేడా ఉంది, ప్రకటనల మీద డబ్బు పోయడం ఆపి అది చూడాలి. మన దేశంలో మనిషికి వచ్చే రాబడి తక్కువ కాబట్టి లక్షల మంది ఉన్నా బిల్లులు కట్టలేని పరిస్థితి వస్తుంది.

దొంగ లెక్కలు కూడా ఉంటాయి. 2024 జూన్‌లో బనానా అనే ఉచిత గేమ్ స్టీమ్‌లో తొమ్మిది లక్షలు దాటింది. తెర మీద ఒక అరటిపండు, క్లిక్ చేయడమే ఆట. కొన్ని గంటలకోసారి ఒక ఐటెమ్ ఇస్తుంది, దాన్ని మార్కెట్‌లో అమ్ముకోవచ్చు, అందుకని బాట్ అకౌంట్లు గుంపులుగా తెరిచి ఉంచాయి. అలాంటివాటిని పట్టుకోవడం తేలిక: రాత్రీ పగలూ తేడా లేకుండా గీత చదునుగా ఉంటుంది. మనుషులు నిద్రపోతారు, వాళ్ల గ్రాఫ్‌లో ఎత్తుపల్లాలు తప్పవు.

కోరమంగళ_కీబోర్డ్:

అందరికీ చాలా థ్యాంక్స్. 5 వర్సెస్ 5 పక్కన పెట్టేశాం, వాసుగారి 900 లెక్క చూశాక మా జట్టులో ఇక చర్చే జరగలేదు. పెద్దాయన కూడా ఖర్చు లెక్క విని మెత్తబడ్డారు, కానీ "ఒక్క గేమ్ కాదు, పది గేమ్‌ల లెక్క తీసుకురండి" అన్నారు. రోజూ పేజీలు తెరిచి రాసుకోకుండా ఇది చేసే పద్ధతి ఉందా? ఏ గేమ్‌లు ఎంచుకోవాలి?

గ్రాఫు_గోపి:

ఉంది. స్టీమ్ వెబ్ ఏపీఐలో (మన ప్రోగ్రాము స్టీమ్‌ను నేరుగా సమాచారం అడిగే దారి) గెట్ నంబర్ ఆఫ్ కరెంట్ ప్లేయర్స్ అనే కాల్‌కు యాప్ ఐడీ, అంటే గేమ్‌కు స్టీమ్ ఇచ్చిన సంఖ్య, ఇస్తే ఆ క్షణపు సంఖ్య వస్తుంది, కీ కూడా అక్కర్లేదు. యాప్ ఐడీ స్టోర్ పేజీ అడ్రస్‌లోనే ఉంటుంది. స్టార్‌డ్యూ వ్యాలీది 413150. చిన్న పైథాన్ స్క్రిప్ట్, పది నిమిషాలకోసారి దాన్ని తనంతట తానే నడిపే క్రాన్‌లో, సీఎస్‌వీ అనే పట్టిక ఫైల్లో ఒక వరస. గేమ్‌కు రోజుకు 144 వరసలు, పది గేమ్‌లకు 1,440. ఏ పాత ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది. కరెంటు పోయో నెట్ పోయో ఖాళీ వస్తే ఆ వరసలు సున్నాగా రాయకుండా ఖాళీగానే వదలాలి. సున్నాలు కలిస్తే సగటు పాడవుతుంది, తర్వాత ఎక్కడ పాడైందో దొరకదు.

పోల్చేటప్పుడు ఆదివారాన్ని ఆదివారంతోనే పోల్చండి. శనాదివారాలు సంఖ్య సహజంగానే పెరుగుతుంది, మంగళవారంతో పోల్చి "30 శాతం పడిపోయింది" అంటే అర్థం లేదు. ధర చరిత్ర స్టీమ్‌డీబీలో ఉంటుంది, సేల్ తేదీలను పక్క కాలమ్‌లో పెట్టుకోండి. ఫ్రీ వీకెండ్ ఉంటే ఆ రోజులు వేరుగా గుర్తించండి. హెల్‌డైవర్స్ 2 మాదిరి సర్వర్లు నిండి లోపలికి వచ్చేవాళ్ల మీద పరిమితి పెట్టిన గేమ్ అయితే పీక్ అసలు గిరాకీని చూపదు. గ్రాఫ్ పైన తెగ్గోసినట్టు ఉంటుంది.

దీనికన్నా ఎక్కువ చెప్పేది అచీవ్‌మెంట్ల (ఆటలో ఒక ఘట్టం దాటితే వచ్చే గుర్తింపుల) పేజీ. ప్రతి గేమ్‌కూ ఏ అచీవ్‌మెంట్ ఎంత శాతం మందికి వచ్చిందో స్టీమ్ అందరికీ చూపిస్తుంది. మొదటి అధ్యాయం అచీవ్‌మెంట్ 80 శాతం, రెండోది 74, మూడోది 41, చివరిది 33 అని ఉంటే రెండో మూడో అధ్యాయాల మధ్య ఏదో జరిగింది. ఆ అధ్యాయం మీరే ఆడి చూడండి. కఠినమైన బాసో, దారి తెలియని మ్యాపో, ఆట పోగొట్టే బగ్గో కనిపిస్తుంది. అమ్మకాల అంచనా తప్పినా ఈ శాతాలు తప్పవు, మీ డిజైన్‌కు నేరుగా పనికొస్తాయి. రివ్యూల పక్కన "రాసేనాటికి ఆడిన గంటలు" కూడా చూడండి. నెగటివ్ రివ్యూలన్నీ రెండు గంటల లోపే ఉంటే ఆరంభం బాగాలేదు, వాళ్లలో చాలామంది రీఫండ్ తీసుకుని ఉంటారు. రీఫండ్ నియమం కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆట.

పద్మజ_బీటీఎం:

గేమ్‌ల ఎంపిక గురించి. మీ ట్యాగ్‌లే (గేమ్ ఏ రకమో చెప్పే స్టోర్ పేజీ గుర్తులు) ఉండి, గత రెండేళ్లలో విడుదలై, ధర 10 నుంచి 20 డాలర్ల మధ్య ఉన్నవి తీసుకోండి. పదింటిలో కనీసం నాలుగు 100 రివ్యూలు కూడా దాటనివి ఉండాలి. అందరికీ తెలిసిన హిట్లే పెడితే పెద్దాయన రెండో మీటింగ్‌లోనే పట్టేస్తారు. పట్టకపోయినా మీ అంచనా తప్పుతుంది. క్యాలెండర్ తేదీ కాకుండా, విడుదల నుంచి ఎన్నో వారం అన్నది అడ్డగీతగా పెట్టి అన్నిటినీ ఒకే గ్రాఫ్‌లో గీయండి. 4, 13, 52 వారాల దగ్గర సగటు ఎంతో రాయండి, పక్కనే రివ్యూల నుంచి కాపీల కనిష్ఠం, గరిష్ఠం. తేజ చెప్పినట్టు ఒకే అంకె రాయొద్దు, రెండూ రాయండి. మీ ఖర్చు కనిష్ఠంతోనే తీరాలి.

మీ గేమ్‌కు డెమో చేసి నెక్స్ట్ ఫెస్ట్‌లో (స్టీమ్ నడిపే డెమోల పండగ) పెట్టబోతుంటే, డెమోకు యాప్ ఐడీ వేరుగా ఉంటుంది, దాని కౌంట్ కూడా వేరుగానే వస్తుంది. గోపిగారి స్క్రిప్ట్‌లో దాన్ని పదకొండో గేమ్‌గా కలపండి. ఆ ఫెస్ట్ ఏటా ఫిబ్రవరి, జూన్, అక్టోబరుల్లో జరుగుతుంది, ఒక గేమ్‌కు ఒక్కసారే అవకాశం. అందుకని డెమోను కనీసం రెండు వారాల ముందే విడుదల చేసి, స్టీమ్‌వర్క్స్‌లో (డెవలపర్లకు స్టీమ్ ఇచ్చే సైట్) మధ్యస్థ ఆట సమయం చూసుకోండి. 40 నిమిషాల డెమోను జనం సగం కూడా ఆడకుండా 8 నిమిషాలకే మూసేస్తుంటే ఈ ఫెస్ట్ వదిలి తర్వాతి ఫెస్ట్‌కు వెళ్లండి.